విల్లెమ్‌స్టాడ్‌లో ఒక్క పగలు: పాత రేవు చూడాలా, అలల తీరం చూడాలా?

కృష్ణలంక | జనవరి 11, రాత్రి 9:20

సభ్యులందరికీ నమస్కారం. మార్చి రెండో వారంలో మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ఫ్లోరిడా నుంచి కరీబియన్ సముద్రంలో ఓడ ప్రయాణానికి వెళ్తున్నాము. ఓడ ఉదయం ఎనిమిదింటికి కురసావ్ ద్వీపంలోని విల్లెమ్‌స్టాడ్ రేవుకు చేరుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా అందరూ తిరిగి ఎక్కి ఉండాలి. నాన్నగారికి అరవై తొమ్మిదేళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి కాని ఎండకు జంకే మనిషి కారు. అమ్మ శాకాహారి. ఉన్న ఎనిమిది గంటల్లో ఆ పాత రేవు పట్టణాన్ని నింపాదిగా చూడాలా, లేక ద్వీపం పడమటి కొసన ఉన్న షెటే బోకా, క్రిస్టోఫెల్ పార్కుల వైపు వెళ్లాలా అన్నది ఎటూ తేలడం లేదు. ఓడవాళ్లు అమ్మే పర్యటనలు ఖరీదుగా ఉన్నాయి, పైగా ప్రతిచోటా అరగంట మించి ఆగేటట్టు లేవు. అనుభవమున్నవారు సలహా చెప్పగలరు.

తూనీగ | జనవరి 11, రాత్రి 10:05

రెండేళ్ల క్రితం మేము వెళ్లాము. రేవు గట్టున రంగురంగుల మేడల వరుస ఒకటి ఉంటుంది, దాని ముందు నిలబడి అందరూ ఫొటో తీసుకుంటారు, ఆ తరువాత మిగిలేవి గడియారాలు, వజ్రాలు అమ్మే దుకాణాలే. అవి ప్రతి రేవులోనూ ఉంటాయి. నా మాట వింటే ఊరికి అరగంట చాలు, మిగిలిన పొద్దంతా సముద్ర స్నానానికి కేటాయించండి.

పగడపుదిబ్బ | జనవరి 12, ఉదయం 7:48

తూనీగ గారితో నేను ఏకీభవించలేను. ఉద్యోగరీత్యా నేను రెండేళ్లు ఆ ఊళ్లో ఉన్నాను, ఇప్పుడు రోటర్‌డామ్‌లో ఉంటున్నాను. ఆ మేడల వరుసను హాండెల్స్‌కాడే అంటారు, అంటే వర్తకపు గట్టు అని అర్థం. దాన్ని ఫొటోలా చూస్తే అరగంట చాలుననే మాట నిజమే. కాని ఆ ఊరు అక్కడ ఎందుకు పుట్టిందో తెలుసుకుని చూస్తే పూట కూడా సరిపోదు.

సముద్రం నుంచి సింట్ అన్నా బే అనే సన్నని కాలువ లాంటి పాయ లోపలికి చొచ్చుకుపోయి, షొటెగాట్ అనే విశాలమైన సహజ రేవులోకి తెరుచుకుంటుంది. 1634లో డచ్చివారు స్పెయిన్ చేతిలోనుంచి ద్వీపాన్ని గుంజుకున్నది ముఖ్యంగా ఈ రేవు కోసమే. పాయ ముఖద్వారంలో ఆమ్‌స్టర్‌డామ్ కోట కట్టారు, దాని నీడలో పుండా పేట లేచింది. ఆవలి ఒడ్డున తరువాత పెరిగిన పేట పేరు ఓట్రోబాండా. ద్వీపవాసులు మాట్లాడే పాపియామెంటు భాషలో ఆ మాటకు అవతలి వైపు అనే అర్థం. ఈ రెండింటితో పాటు పీటర్‌మాయ్, స్కార్లో పేటలను కూడా కలిపి 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆమ్‌స్టర్‌డామ్ కాలువ గట్టు మీద కనిపించే త్రికోణపు ముఖభాగాలే ఇక్కడా ఉంటాయి, కాని వాటి కింద వసారాలు, ఎండను ఆపే జాలీలు, గాలి ఆడే వరండాలు చేరడంతో ఆ ఉత్తరదేశపు ఇల్లు ఉష్ణదేశానికి ఒదిగిపోయింది.

రంగుల గురించి ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. 1817లో కికర్ట్ అనే గవర్నరు, తెల్ల సున్నపు గోడల మీద ఎండ మెరుపుకు తనకు తలనొప్పి వస్తున్నదని చెప్పి, తెలుపు తప్ప ఏ రంగైనా వేసుకోమని ఆజ్ఞ జారీ చేశాడట. ఆయనకు రంగుల వ్యాపారంలో వాటా ఉందని ఆయన పోయిన తరువాత బయటపడిందట. కథలో నిజం పాలు ఎంతైనా, చెప్పేవాళ్లు మాత్రం దాన్ని నవ్వకుండా చెప్పరు.

రెండు పేటలనూ కలిపేది క్వీన్ ఎమ్మా వంతెన. 1888లో మొదలైన ఈ వంతెన పొడవు 167 మీటర్లు, దానికి స్తంభాలు లేవు, వరసగా కట్టిన పడవల మీద తేలుతూ ఉంటుంది. ఓడ వచ్చినప్పుడల్లా ఒక కొసన ఉన్న యంత్రం మొత్తం వంతెనను తలుపు తెరిచినట్టు గట్టు వైపుకు తిప్పుతుంది. వంతెన మీద మనుషులుండగానే అది కదలడం మొదలుపెడుతుంది, మీ నాన్నగారికి ఇదే పెద్ద వినోదం అవుతుంది. మొదట్లో దాటడానికి సుంకం ఉండేది. చెప్పులున్నవారు చెల్లించాలి, వట్టి కాళ్లతో వచ్చిన పేదలకు మినహాయింపు. పేదవాడు పరువు కోసం చెప్పులు ఎరువు తెచ్చుకుని డబ్బు కట్టి దాటేవాడనీ, ఉన్నవాడు చెప్పులు చంకలో దాచుకుని ఊరికే దాటేవాడనీ అక్కడి పెద్దలు చెబుతారు.

నా సలహా ఏమిటంటే, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఊరు చూసి, సమయం మిగిలితే దగ్గరలో ఏదైనా తీరానికి వెళ్లండి.

పెన్నహోబిలం | జనవరి 12, మధ్యాహ్నం 1:15

కృష్ణలంక గారూ, నేను కిందటి సంవత్సరం ఐదు రోజులు ఆ ద్వీపంలో కారు అద్దెకు తీసుకుని తిరిగాను. కరీబియన్ అనగానే మన మనసులో కోనసీమ లాంటి పచ్చదనం మెదులుతుంది. అక్కడ దిగి చూస్తే నాకు మా అనంతపురం కనిపించింది. ఇది అతిశయోక్తి కాదు. ఏడాది మొత్తానికి అక్కడ పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, మా జిల్లా లెక్క కూడా దాదాపు అంతే. ఎటు చూసినా ముళ్లతుమ్మల వంటి పొదలు, మనిషికి రెండింతలు ఎత్తు పెరిగిన స్తంభాల వంటి జెముడు చెట్లు, వాటి మధ్య మేకలు. ఈ జెముడును వాళ్లు కడుషి అంటారు, దానితో ఇళ్లకు కంచెలు వేస్తారు, ముళ్లు చెక్కేసి పులుసు కూడా కాస్తారు. కలబంద అక్కడ ఒకప్పుడు ఎగుమతి పంట. తోళ్ల శుద్ధికి పనికొచ్చే దివిదివి కాయలు కూడా ఓడల్లో యూరప్‌కు వెళ్లేవి. ఆ దివిదివి చెట్లు ఏడాది పొడుగునా తూర్పు గాలికి లొంగి, కొమ్మలన్నీ పడమటికే వంచుకుని, తలారబెట్టుకుంటున్న ఆడమనిషిలా నిలబడి ఉంటాయి.

ఆ గాలే ద్వీపాన్ని రెండు ముఖాలుగా చేసింది. గాలికి ఎదురుగా ఉన్న ఉత్తర తీరాన ఈతకు దిగితే ప్రాణాపాయం. గాలి మరుగున ఉన్న దక్షిణ తీరం మాత్రం చెరువులా ప్రశాంతంగా ఉంటుంది. షెటే బోకా అంటే ఏడు కయ్యలు అని అర్థం, నిజానికి అవి ఏడుకు మించే ఉన్నాయి. నేల పైకి లేవడంతో ఒకప్పటి పగడపు దిబ్బలు గట్టి సున్నపురాతి మెట్టలుగా మారాయి, ఆ మెట్టలను సముద్రం తొలిచి సన్నని పాయలు, గుహలు చేసింది. బోకా టాబ్లా అనే చోట గుహలోకి దిగి కూర్చుంటే, నీలి నీరు లోపలికి దూసుకొచ్చి, రాతి కప్పుకు కొట్టుకుని, పిడుగు పడ్డ చప్పుడు చేస్తూ వెనక్కి పోతుంది. బోకా పిస్టోల్‌లో అల ఒక ఇరుకు బిలంలోకి దూరి గాలిని నొక్కేసరికి తుపాకి పేలినట్టు వినిపించి నీరు ఆకాశానికి చిమ్ముతుంది. గుహలోకి దిగే మెట్లు తడిగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి కనుక మీ నాన్నగారు పైనుంచి చూడటమే మంచిది, పైనుంచి కూడా దృశ్యం తక్కువేమీ కాదు. క్రిస్టోఫెల్ కొండ 372 మీటర్ల ఎత్తు, ద్వీపంలో అన్నిటికంటే పెద్దది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పొద్దెక్కాక ఎక్కడానికి పార్కువారు అనుమతించరు, ఓడ దిగి అక్కడికి చేరేసరికే ఆ వేళ దాటిపోతుంది.

పగడపుదిబ్బ గారి వరుసతో మాత్రం నాకు పేచీ ఉంది. ఓడ ప్రయాణికుడు దూరంగా ఉన్నది ముందు చూడాలి, దగ్గరగా ఉన్నది చివర చూడాలి. షెటే బోకా ఊరి నుంచి ముప్పావు గంట, గంట దూరం. మధ్యాహ్నం వెళ్లి దారిలో టైరు పేలితే ఓడ మీ కోసం ఆగదు. ఊరైతే ఓడకు నడక దూరంలోనే ఉంటుంది.

పగడపుదిబ్బ | జనవరి 12, మధ్యాహ్నం 2:02

టైరు సంగతి నాకు తట్టలేదు, మీ వరుసే సరైనది. పైగా పుండా వీధుల్లో వసారాల నీడ ఉంటుంది కనుక మధ్యాహ్నం అక్కడ గడపడం కష్టం కాదు. పడమటికి వెళ్లే దారిలోనే సింట్ విల్లిబ్రోర్డస్ దగ్గర పాత ఉప్పు మడులలో ఫ్లెమింగోలు మేస్తుంటాయి, పులికాట్ చూసినవారికి అవి పాత చుట్టాలే. పది నిమిషాలు ఆగండి.

భీమిలి తీరం | జనవరి 12, రాత్రి 8:30

చర్చ చక్కగా సాగుతున్నది కాని, అందరూ ఒక ముఖ్య విషయం పక్కనుంచి వెళ్లిపోయారు. ఆ హాండెల్స్‌కాడే గట్టు మీద జరిగిన వర్తకంలో అన్నిటికంటే లాభసాటి సరుకు మనుషులు. పదిహేడో శతాబ్దం రెండో సగంలో డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ కురసావ్‌ను బానిసల నిలువ కేంద్రంగా మార్చింది. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చినవారిని అక్కడ దించి, తిండి పెట్టి, కోలుకున్నాక స్పెయిన్ వలసలకు అమ్మేవారు. వాన పడని ఆ నేల మీద చెరుకు, పత్తి పండించి ఎవరూ కోటీశ్వరులు కాలేదు. ఆ మేడలకు పునాది రేవు, ఆ రేవు ద్వారా సాగిన ఈ అమ్మకం.

1795 ఆగస్టు 17న కెనెపా తోటలో తులా అనే బానిస నాయకత్వాన తిరుగుబాటు మొదలైంది. తోట నుంచి తోటకు జనం చేరుతూ వచ్చారు. ఫ్రాన్సులో, హైతీలో బానిసలకు స్వేచ్ఛ ప్రకటించిన కబురు ఓడల ద్వారా ఆయనకు చేరింది, హాలండును ఫ్రెంచివారు గెలుచుకున్నారన్న సంగతి కూడా తెలుసు. ఫ్రాన్సు చట్టమే ఇక్కడా చెల్లాలి కదా అన్నది ఆయన వాదం. నెలకు పైగా పోరాడాక పట్టుబడ్డాడు, అక్టోబరు 3న ఘోరంగా చంపారు. డచ్ వలసలలో బానిసత్వం రద్దయింది 1863 జులై 1న. తులా పేరు మీదున్న నేరాన్ని తుడిచి డచ్ ప్రభుత్వం ఆయనకు గౌరవం పునరుద్ధరించింది 2023లో. పడమటి దారిలో కెనెపా భవనం ఇప్పుడు తులా ప్రదర్శనశాలగా ఉంది, ఓట్రోబాండాలో కురా హులాండా ప్రదర్శనశాల బానిస వర్తకం మొత్తం కథ చెబుతుంది.

మాది భీమునిపట్నం. డచ్చివారి పాత సమాధుల మధ్య చిన్నప్పుడు ఆడుకున్నవాణ్ని. మచిలీపట్నంలో, భీమిలిలో కోఠీలు పెట్టింది ఈస్ట్ ఇండియా కంపెనీ, కురసావ్‌ను ఏలింది వెస్ట్ ఇండియా కంపెనీ, రెండూ వేర్వేరు. కాని కోరమాండల్ తీరంలో నేసిన బట్టలు యూరప్ చేరి, అక్కడి నుంచి పశ్చిమాఫ్రికాకు వెళ్లి, బానిసలను కొనేటప్పుడు ఇచ్చే సరుకుల్లో ఒకటయ్యాయి. మన సాలెల మగ్గం మీది గుడ్డ ఎంత దూరం, ఏ పనికి ప్రయాణించిందో తెలిసినప్పటి నుంచి నేను ఆ సమాధులను మునుపటిలా చూడలేకపోతున్నాను.

తూనీగ | జనవరి 12, రాత్రి 9:11

నా మొదటి జవాబు తొందరపాటుదని ఒప్పుకుంటున్నాను, ఇందులో సగం కూడా నాకు తెలియదు. అయినా ఒక సందేహం. వృద్ధులైన తల్లిదండ్రులను విహారానికి తీసుకువెళ్లి, ఈ దుఃఖాన్ని వారి ముందు పరచాలా?

భీమిలి తీరం | జనవరి 12, రాత్రి 9:40

పరచమని నేను అనలేదు. అడిగితే చెప్పండి, అడగకపోతే వంతెన ఎక్కించండి. పెద్దవాళ్లు మనం అనుకునేటంత సున్నితులు కారు. కరువులు, ఉప్పెనలు చూసినవారు.

కృష్ణలంక | జనవరి 13, ఉదయం 6:55

అందరికీ ధన్యవాదాలు. మరో రెండు ప్రశ్నలు. అమ్మకు అక్కడ భోజనం దొరుకుతుందా? కుళాయి నీళ్లు తాగవచ్చా?

పగడపుదిబ్బ | జనవరి 13, ఉదయం 8:20

నీళ్ల విషయంలో నిశ్చింతగా ఉండండి. నదులు లేని ద్వీపం కనుక 1928 నుంచే సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి సరఫరా చేస్తున్నారు, కుళాయి నీరు నిరభ్యంతరంగా తాగవచ్చు. సీసాలు కొని డబ్బు వృథా చేయవద్దు.

భోజనం కొంచెం జాగ్రత్తగా అడిగి తినాలి. పుండాలో ప్లాసా బియేవ్ అనే పాత మార్కెట్టు కొట్టంలో మధ్యాహ్నం పూట మాత్రమే పెద్ద గుండిగల్లో వండి వడ్డిస్తారు. ఫుంచి అనేది మొక్కజొన్న పిండితో చేసే సంకటి, రాయలసీమవారికి పరిచయం అక్కరలేదు. అలసందలు కలిపి చేస్తే దాన్ని టూటూ అంటారు, అందులో మాంసం వేశారేమో ముందే కనుక్కోండి. బెండకాయ పులుసు చూసి అమ్మగారు సంబరపడవచ్చు, అందులో చేపలుంటాయి. కేషి యేనా అనే ప్రసిద్ధ వంటకం చీజ్ గిన్నెలో మాంసం కూరినది. ఏదీ కుదరకపోతే ఊళ్లో భారతీయ భోజనం దొరుకుతుంది. పుండాలో తరాల తరబడి సింధీ వర్తకులున్నారు, దుకాణంలో హిందీలో పలకరిస్తే ఎక్కడ తినాలో వాళ్లే చెబుతారు.

నీలి రంగు కురసావ్ మద్యం కూడా ఈ ద్వీపానిదే. స్పెయిన్‌వారు తెచ్చి నాటిన నారింజ ఈ ఎండు నేలలో నోట పెట్టలేనంత చేదుగా మారింది, కాని దాని తొక్కలో సువాసన మిగిలింది. ఆ తొక్కతోనే ఈ పానీయం. రంగు మాత్రం కలిపినదే.

వేదిక నిర్వాహకులు | జనవరి 13, ఉదయం 9:00

ఒక చిన్న హెచ్చరిక. కురసావ్ నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమే అయినా, 2010 అక్టోబరు 10 నుంచి స్వయంపాలన గల దేశం. అక్కడి ప్రవేశ నియమాలు యూరప్ నియమాల నుంచి వేరు. భారత పాస్‌పోర్టు గలవారు టికెట్టుకు ముందే డచ్ విదేశాంగ శాఖ వెబ్‌సైటులో తమకు వర్తించే నియమం చూసుకోవాలి. 2025 మార్చి 31 నుంచి కొత్త కరీబియన్ గిల్డరు చెలామణిలోకి వచ్చింది, డాలరుకు 1.79 స్థిర మారకం. డాలర్లు కూడా దాదాపు అంతటా తీసుకుంటారు.

పెన్నహోబిలం | జనవరి 13, ఉదయం 9:30

తీరాల దగ్గర చిన్న పచ్చి ఆపిల్ వంటి కాయలు కాసే చెట్లుంటాయి, మాన్సానిలియా అంటారు. కాయ విషం, చెట్టు పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా ప్రమాదమే. నీడ కనిపించగానే కూలబడే అలవాటు మనకు ఉంది కనుక చెబుతున్నాను.

కృష్ణలంక | మార్చి 19, రాత్రి 10:40

వెళ్లి వచ్చాము. వివరాలు రాస్తున్నాను.

ఓడ దిగి రేవులోనే టాక్సీ మాట్లాడుకున్నాము. వాహనం ఎక్కకముందే ధర, ఆగే చోట్లు, తిరిగి వచ్చే వేళ తేల్చుకోవడం మంచిదయింది. ఉప్పు మడుల దగ్గర పదిహేను ఫ్లెమింగోలున్నాయి. షెటే బోకాలో నేను, అమ్మ గుహలోకి దిగాము. నాన్నగారు పైన రాతి మీద నిలబడి, కళ్లద్దాల మీద పేరుకున్న ఉప్పు తుడుచుకుంటూ, గంటసేపు కదలలేదు. బోకా పిస్టోల్ దాకా నడవలేకపోయాము. క్రిస్టోఫెల్ కొండను కారు కిటికీలోనుంచి చూసి నమస్కారం పెట్టాము.

తిరుగు దారిలో డ్రైవరు తనంతట తానే, పట్టణానికి పడమట సముద్రం గట్టున ఉన్న తులా స్మారక శిల్పం దగ్గర ఆపాడు. గొలుసులు తెంచుతున్న మనుషుల విగ్రహాలు. నాన్నగారు ఎవరని అడిగారు, భీమిలి తీరం గారు రాసినదంతా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, కాని కారు ఎక్కాక తేదీలు మళ్లీ అడిగి జేబు పుస్తకంలో రాసుకున్నారు.

పన్నెండున్నరకు ఓట్రోబాండా చేరి, వంతెన మీద అడుగు పెట్టబోతుండగా గంట మోగి గేటు పడింది. ఒక నౌక వస్తోంది. వంతెన మొత్తం మా కళ్ల ముందే పక్కకు తిరిగిపోయింది. జనమంతా ఉచిత పడవ వైపు నడిస్తే మేమూ వెనకే వెళ్లాము. అమ్మకు ఆ పడవే అన్నిటికంటే నచ్చింది, కృష్ణలో ఒకప్పటి బల్లకట్టు గుర్తుకొచ్చిందట. ప్లాసా బియేవ్‌లో ఫుంచి, అరటికాయ వేపుడు, అన్నం దొరికాయి. ఫుంచిని చూసి ఉప్పు తగ్గిందని అమ్మ తీర్పు చెప్పింది.

1732 నాటి యూదుల ప్రార్థనామందిరం చూశాము. నేలంతా ఇసుక పరిచి ఉంది. రహస్యంగా ప్రార్థించిన రోజుల్లో అడుగుల చప్పుడు వినబడకుండా పూర్వీకులు ఇసుక పోసేవారని, దాని జ్ఞాపకంగా ఇప్పటికీ ఉంచారని ఒక వివరణ, మోషే వెంట నడిచిన ఎడారికి గుర్తు అని మరొకటి. నాన్నగారు బూట్లు విప్పబోతే ఆ అవసరం లేదని నవ్వుతూ ఆపారు. కోటలోని చర్చి గోడలో 1804లో బ్రిటిష్ నౌకాదళపు కెప్టెన్ బ్లై ముట్టడి వేళ దూసుకొచ్చిన ఫిరంగి గుండు ఇప్పటికీ ఇరుక్కుని ఉంది. కురా హులాండాకు సమయం చాలలేదు, ఆ వెలితి మిగిలింది. నాలుగింటికి ఓడ ఎక్కాము.

ఒక సందేహం మిగిలింది. వంతెన కొసన ఉన్న గది మీద ముందు జెండా లేదు, తరువాత నారింజ రంగుది ఎగరేశారు. అదెందుకు?

పగడపుదిబ్బ | మార్చి 20, ఉదయం 7:30

నారింజ జెండా అంటే పక్కకు తిరిగిన వంతెన కొద్దిసేపటికే మళ్లీ గట్టుకు కలుస్తుందని, నీలి జెండా అంటే పెద్ద నౌక వస్తోంది కనుక చాలాసేపు పడుతుందని అర్థం. నారింజ రంగు చూస్తే గట్టున నిలబడి వేచి ఉండవచ్చు, నీలం చూస్తే పడవ ఎక్కాలి. మీరు వేచి ఉన్నా సరిపోయేది, కాని అప్పుడు అమ్మగారికి ఆ పడవ ప్రయాణం దక్కేది కాదు.